2014లో 25,000, ఇప్పుడు 37,000: ఫెలోషిప్ నిజంగా పెరిగిందా?

బరంపురం బాటసారి

నేను 2023 జనవరిలో బరంపురంలో వృక్షశాస్త్ర పరిశోధనలో చేరాను. మొదటి నెలల్లో, పరిశోధకులకు నెలనెలా ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే జేఆర్‌ఎఫ్ కింద చేతికి వచ్చింది 31,000 రూపాయలే అయినా, ఆ ఏడాది జూన్‌లో పెంపు ప్రకటించి జనవరి 1 నుంచే వర్తింపజేయడంతో అది 37,000 అయింది. తేడా మొత్తం తరువాత ఎరియర్స్‌గా వచ్చింది. 2025 జనవరితో రెండేళ్లు నిండాయి, కమిటీ ముందు గంటసేపు నిలబడి సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే ఎస్‌ఆర్‌ఎఫ్ దక్కించుకున్నాను, అంటే ఇప్పుడు 42,000. ఆ వార్త విన్న రోజు మా అమ్మ వీధి వీధంతా రసగుల్లాలు పంచింది.

చిక్కు ఏమిటంటే, చేరిన రోజు నుంచి నేనొక పద్దు పుస్తకం రాస్తున్నాను. 2023లో రెండు పూటల మెస్ 2,700 ఉండేది, ఇప్పుడు 3,400. గది అద్దె 4,000 నుంచి 5,200 అయింది. ఇంటికి 15,000 పంపేవాణ్ణి. నాన్న మందులు, చెల్లి నర్సింగ్ చదువు కలిసి ఇప్పుడు 19,000 పంపక తప్పడం లేదు. ప్రయాణాలు, ఫోను, చిల్లర ఖర్చులు మరో 1,100 పెరిగాయి. అప్పట్లో నెలాఖరుకు 6,000 మిగిలేది, ఇప్పుడు 4,000 మిగులుతోంది. ఇంటి అద్దె భత్యమైన హెచ్‌ఆర్‌ఏను పక్కన పెట్టి చెబుతున్నాను. రాబడి 5,000 పెరిగి, మిగులు 2,000 తగ్గింది.

నా చెయ్యి దుబారా అయిందా, లేక రూపాయి విలువే తగ్గిందా? జేఆర్‌ఎఫ్ 2014లో 25,000, 2019లో 31,000, 2023లో 37,000 అయిందని చెప్పుకుంటాం కదా, ఇవి నిజంగా పైకి వెళ్లే మెట్లేనా అన్నది నా సందేహం.

రాయగడ రసాయనం

పద్దు పుస్తకం రాయడమే మీరు చేసిన తప్పు. నేను ఏడాది క్రితం మానేశాను, అప్పటి నుంచి నిద్ర బాగా పడుతోంది.

లెక్కల పంతులు

నేను పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లు గణితం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక, బాటసారి ప్రశ్నకు లెక్క వేసే సమాధానం చెబుతాను. ప్రభుత్వం ప్రతి నెలా వినియోగదారుల ధరల సూచీని ప్రకటిస్తుంది. 2012 ధరలను 100గా తీసుకుంటే ఆ సూచీ 2014 డిసెంబరులో 119 పైచిలుకు, 2019 జనవరిలో 139.6, 2023 జనవరిలో 176.5, 2025 జనవరిలో 193 పైచిలుకు. ఒక నెల డబ్బును మరో నెల డబ్బులోకి మార్చాలంటే రెండో సూచీని మొదటి సూచీతో భాగించి, వచ్చినదానితో ఆ మొత్తాన్ని గుణిస్తే చాలు.

2014 డిసెంబరు నాటి 25,000 విలువ నిలబడాలంటే 2019 జనవరిలో 29,200 ఇవ్వాలి. ఇచ్చింది 31,000. అంటే ఆ పెంపులో 1,800 నిజమైన లాభం ఉంది, దాన్ని కాదనకూడదు. తరువాతి మెట్టు చూడండి. 2019 నాటి 31,000 విలువ నిలబడాలంటే 2023 జనవరిలో 39,200 ఇవ్వాలి, ఇచ్చింది 37,000. ఇక మధ్య మెట్టును వదిలేసి 25,000ను నేరుగా 2023కు తెస్తే 36,950 వస్తుంది. 50 రూపాయల తేడాతో అది ఇవాళ్టి జేఆర్‌ఎఫ్. ఎనిమిదేళ్లు నడిచి, బయలుదేరిన గుమ్మం దగ్గరికే చేరుకున్నాం.

బాటసారి నాయనా, నీ 42,000ను నువ్వు చేరిన 2023 జనవరి ధరల్లోకి మారిస్తే 38,300 అవుతుంది. కాగితం మీద పెరిగిన 5,000లో నీకు దక్కింది 1,300. మీ అమ్మగారు పంచిన రసగుల్లాలకు సరిపోయి ఉంటుంది.

బరంపురం బాటసారి

సరిపోలేదు మాస్టారూ, మా వీధి పొడవైనది.

ధర్మాబాద్ మిరప

నేను చెప్పేది ఇక్కడ చాలామందికి రుచించదని తెలిసే రాస్తున్నాను. నేను ఎమ్మెస్సీ చేసి, జాతీయ అర్హత పరీక్ష అయిన నెట్‌లో జేఆర్‌ఎఫ్ కొద్ది మార్కుల్లో తప్పిపోయి, ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో గంటల లెక్కన పాఠాలు చెబుతున్నాను. సెలవుల్లో రూపాయి రాదు. పాఠాలన్నీ సక్రమంగా జరిగిన నెలలో 14,000 వస్తే మా ఇంట్లో పండుగే. మీకు వచ్చే 42,000 మీద ఆదాయపు పన్ను కూడా లేదు. పైగా ద్రవ్యోల్బణం 2025 జనవరిలో 4 శాతం పైచిలుకుకు దిగివచ్చిందని వార్తల్లో చెప్పారు. తగ్గుతున్నదాని గురించి ఇంత విచారం ఎందుకో నాకు అర్థం కాలేదు.

సిరోంచ గోదారి

మిరప అన్నా, మీ కష్టం ముందు మా కష్టం చిన్నదే, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ చివరి వాక్యం దగ్గర ఆగాలి. 2022 జూలై వరద మా సిరోంచలో చూసినవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. గంటకు అడుగు చొప్పున ఎక్కుతున్న నీరు గంటకు అంగుళం చొప్పున ఎక్కడం మొదలుపెడితే అధికారులు ఉధృతి తగ్గిందని మైకులో చెబుతారు. గట్టు మీద నిలబడ్డవాడికి మాత్రం నీళ్లు మోకాలి నుంచి తొడ దాకా వచ్చే ఉంటాయి. ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు పెరిగే వేగం తగ్గిందని మాత్రమే అర్థం, ఎక్కిన ధర దిగిందని కాదు. ఫెలోషిప్ మాత్రం వరదకు ముందు గీసిన గీత దగ్గరే ఉంటుంది.

లెక్కల పంతులు

నలభై నిమిషాలు నల్లబల్ల మీద రాసి చెప్పినా పిల్లలకు ఎక్కని సంగతిని గోదారి గారు నాలుగు వాక్యాల్లో చెప్పారు.

ధర్మాబాద్ మిరప

ఒప్పుకుంటున్నాను, వేగం వేరు, మట్టం వేరు. అయితే నాది మరొక ప్రశ్న. పంతులు గారి సూచీ రెండేళ్లలో 176.5 నుంచి 193కు, అంటే పదో వంతు కంటే కొంచెం తక్కువగా పెరిగింది. బాటసారి గారి మెస్ పావు వంతు పైగా, అద్దె ముప్పై శాతం పెరిగాయి. అలాంటప్పుడు తప్పు దేశపు ధరలదా, లేక వారి ఇంటి యజమానిదా?

లెక్కల పంతులు

మంచి ప్రశ్న. సూచీ అంటే దేశంలోని అందరి పాదాల కొలతలూ కలిపి సగటున కుట్టిన చెప్పు; అది ఏ ఒక్కరి కాలికీ సరిగ్గా పట్టదు. 2012 ప్రాతిపదికన కట్టిన ఆ సూచీలో ఆహార పానీయాల వాటా దాదాపు 46 శాతం, పల్లెలకు 54, పట్టణాలకు 36. టీవీల ధర తగ్గినా, ఫోన్ల ధర తగ్గినా సగటు కిందికి వస్తుంది. మెస్ గంజికి ఆ తగ్గుదలతో సంబంధం లేదు. 2024 అక్టోబరులో మొత్తం ద్రవ్యోల్బణం 6.2 శాతం ఉన్నప్పుడు కూరగాయలు మాత్రం అంతకుముందు ఏడాది కంటే 42 శాతం ప్రియమయ్యాయి. మెస్ నడిపేవాడు ప్రతి నెలా ధర మార్చలేడు, ఏడాదిపాటు ఓర్చుకుని ఒక్కసారిగా 300 పెంచుతాడు. అందుకే అతని ధర మెట్లుగా కనబడుతుంది, సూచీ వాలుగా కనబడుతుంది.

రాయగడ రసాయనం

మా మెస్ ఆయన ధర పెంచలేదు, అంతకంటే తెలివైన పని చేశాడు. రెండేళ్ల క్రితం దాల్మాలో, అంటే కూరగాయలు వేసి వండే పప్పులో, గరిటె నిలబడేది. క్రమంగా కందిపప్పు తగ్గి, పచ్చి బొప్పాయి పెరిగింది. ఇప్పుడు దాన్ని బొప్పాయి పులుసు అనడం న్యాయం. 2023 జూలైలో టమాటా ధర ఆకాశానికి అంటినప్పుడు టమాటా ఖట్టా, అంటే పుల్లని పచ్చడి, బల్ల మీద నుంచి మాయమైంది. ధర దిగివచ్చి ఏడాదిన్నర అయినా ఖట్టా మాత్రం తిరిగి రాలేదు. ఈ నష్టాన్ని ఏ సూచీ కొలుస్తుందో పంతులు గారు చెప్పాలి.

వేదిక పర్యవేక్షణ

ఖట్టా తయారీ విధానం అడుగుతూ వచ్చిన మూడు సందేశాలను వంటల విభాగానికి తరలించాము. ఇక్కడ ఫెలోషిప్ గురించి మాత్రమే రాయండి.

బల్లార్షా బొగ్గు

పంతులు గారి లెక్కకు మరో దారిలో సాక్ష్యం తెస్తున్నాను. మా అన్నయ్య రైల్వే ఉద్యోగి. ధరలు పెరిగితే ఆయనకు ఏడాదికి రెండుసార్లు, జనవరి నుంచి ఒకసారి, జూలై నుంచి ఒకసారి, కరువు భత్యం, అంటే డీఏ మారుతుంది. దాన్ని పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ పన్నెండు నెలల సగటు నుంచి సూత్రం ప్రకారం కడతారు. ఎవరూ అర్జీ పెట్టనక్కర్లేదు, ఢిల్లీ వెళ్లి బైఠాయించనక్కర్లేదు. 2019 జనవరిలో డీఏ 12 శాతం, 2023 జనవరిలో 42 శాతం. అంటే మూల వేతనంలో ప్రతి 100కు అప్పుడు 112 వచ్చేది, తరువాత 142 వచ్చింది. అదే సూత్రం 31,000కు వర్తింపజేస్తే 2023లో 39,300 వస్తుంది. పంతులు గారు వేరే సూచీతో కడితే 39,200 వచ్చింది. రెండు దారులూ వెళ్లి ఒకే సంతలో కలిశాయి.

2024 జూలైలో డీఏ 53 శాతం అయింది. 37,000 కూడా ఆ లెక్కన కదిలి ఉంటే అప్పటికి 39,900 దరిదాపుల్లో ఉండేది. మా వంటింట్లో రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య డీఏ ఎంత పెరుగుతుందో అంచనాలు వేస్తుంటే, నేను పళ్లెం వైపు చూస్తూ కూర్చుంటాను.

ధర్మాబాద్ మిరప

డీఏ కూడా కరోనా కాలంలో ఆపేశారు కదా? 2020 జనవరి నుంచి 2021 జూన్ దాకా 17 శాతం దగ్గరే నిలబడింది. ఉద్యోగులకూ నష్టం జరిగింది.

బల్లార్షా బొగ్గు

నిజమే, ఆ పద్దెనిమిది నెలల డబ్బు అన్నయ్యకు ఈ రోజుకూ రాలేదు. కానీ 2021 జూలైలో ఒక్కసారిగా 28 శాతానికి తెచ్చారు. ఆగిన చోటి నుంచి కాకుండా, ధరలు చేరిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టారు. మనకు అలా పట్టి తెచ్చే సూత్రమే లేదు, అదే నా ఫిర్యాదు.

సిరోంచ గోదారి

నా సంగతి చెబుతాను, ఎందుకంటే నా తేదీలు ఈ చర్చ కోసమే పుట్టినట్టున్నాయి. నేను 2019 జనవరిలో 31,000తో చేరాను. 2021 జనవరిలో ఎస్‌ఆర్‌ఎఫ్ అయి 35,000కు వెళ్లాను. ఇప్పుడు పంతులు గారి పద్ధతిలో, 2021 జనవరి సూచీ 156.3 పెట్టి లెక్కిస్తే ఆ 35,000 విలువ 2019 ధరల్లో 31,260. అంటే రెండేళ్ల అనుభవం, కమిటీ, మార్గదర్శకుడి సంతకాలు అన్నీ కలిపి నాకు తెచ్చిపెట్టింది 260 రూపాయలు. అప్పటికి అది తెలియదు, సిరోంచ బస్టాండు దగ్గర మిత్రులకు చాయ్, మిర్చి బజ్జీలు ఇప్పించాను.

అసలు దెబ్బ ఆ తరువాత తగిలింది. 2022 డిసెంబరుకు సూచీ 175.7కు చేరింది, నా 35,000 మాత్రం కదలలేదు. 2019 ధరల్లో అది 27,800. చేరిన మొదటి నెలలో, ఏమీ తెలియని జూనియర్‌గా అందుకున్నదాని కంటే, థీసిస్ పూర్తిచేసిన సీనియర్‌గా నేను అందుకున్నది 3,200 తక్కువ. ఆ డిసెంబరులోనే థీసిస్ సమర్పించి బయటికి వచ్చాను. పెంపు వర్తించింది 2023 జనవరి 1 నుంచి. పది రోజుల తేడాతో నాకు ఎరియర్స్ కూడా లేవు.

అందుకే సగటు పెంపు ఎంత అని అడగడం నాకు సరిగా అనిపించదు. నాలుగేళ్లకు ఒకసారి పెంచితే, పెంచిన మరుసటి నెలలో చేరినవాడికీ పెంచే ముందు నెలలో వెళ్లిపోయినవాడికీ ఒకే పథకం కింద రెండు వేర్వేరు ఫెలోషిప్‌లు అందుతాయి.

రాయగడ రసాయనం

గోదారి గారు తొందరపడి థీసిస్ సమర్పించారు. పరిశోధన ఆలస్యంగా చేయాలని నేను మొదటి నుంచీ చెబుతున్నాను, నా గైడ్ వినడం లేదు.

సవర పలుకు

మీరందరూ నెలసరి మొత్తం దగ్గరే ఉన్నారు. పరిశోధన ఖర్చులకు ఏటా విడిగా ఇచ్చే కంటింజెన్సీ సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను గుణుపురంలో ఉంటూ సవర భాష మీద పనిచేస్తున్నాను. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు వందేళ్ల పైబడి క్రితం మొదలుపెట్టిన పని కనుక గర్వంగా చేస్తున్నాను, గర్వంతో బండి నడవదు కనుక లెక్క రాస్తున్నాను.

విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) నిబంధనల ప్రకారం మానవీయ శాస్త్రాల వారికి కంటింజెన్సీ మొదటి రెండేళ్లు ఏడాదికి 10,000, తరువాత 20,500. విజ్ఞాన శాస్త్రాలకు 12,000, తరువాత 25,000. జేఆర్‌ఎఫ్ 16,000గా ఉన్న 2010లోనూ ఇవే అంకెలు. నెలసరి మొత్తం 25,000 అయింది, 31,000 అయింది, 37,000 అయింది. ఈ గడి మాత్రం ఎవరూ తాకలేదు. బొగ్గు గారు చెప్పిన కార్మికుల సూచీని పట్టుకుని చూస్తే, 2010 నాటి 10,000 పనిని ఇప్పుడు చేయాలంటే 24,000 దరిదాపు కావాలి.

ఇది ఎక్కడ తగులుతుందో చెబుతాను. నా పని పుట్టాసింగి వైపు ఊళ్లలో. సంత రోజున జీపులో నలుగురితో పాటు ఇరుక్కుని వెళ్లిపోవచ్చు. మిగతా రోజుల్లో బండి మొత్తం మాట్లాడుకోవాలి. మొదట్లో రానూ పోనూ 800కు వచ్చిన అబ్బాయే ఇప్పుడు 1,300 అంటున్నాడు, పెట్రోలు బంకు చీటీ చూపించి మరీ అంటున్నాడు. దాంతో నేను వారానికి రెండుసార్లు వెళ్లే చోటికి సంత రోజున మాత్రమే వెళ్తున్నాను. సంత రోజున నాకు కథలు చెప్పే అవ్వ ఇంట్లో ఉండదు, అడ్డాకులూ చింతపండూ అమ్ముకోవడానికి తనూ సంతకే వస్తుంది. గంపల మధ్య కూర్చుని, చుట్టూ బేరాల అరుపుల్లో రికార్డు చేస్తున్నాను. తిరిగి విన్నప్పుడు ఒక్కోచోట పదం చివరి అచ్చు వినబడదు. ధరల పెరుగుదల నా థీసిస్‌లో ప్రశ్నార్థకం గుర్తులుగా కనబడుతుంది.

లెక్కల పంతులు

అమ్మా, నీ లెక్క నేను మళ్లీ వేసి చూశాను, సరిపోయింది. ఆ సూచీ 2010 ఏప్రిల్‌లో 170, 2025 జనవరి నాటిదాన్ని అదే పాత ప్రాతిపదికకు మారిస్తే 412 దరిదాపు. పాతపట్నం వాళ్లు పెట్రోలు కోసం ఎల్ల దాటి మా పర్లాకిమిడి బంకులకు వస్తారు, ఆంధ్ర వైపు ధర ఎక్కువ కనుక. చౌక వైపు ఉండి కూడా నీకు 1,300 అయిందంటే ఆలోచించాల్సిందే.

రాయగడ రసాయనం

ఈ ఒక్కసారి హాస్యం మానేసి రాస్తున్నాను. కంటింజెన్సీ విషయంలో సవర పలుకు గారు చెప్పింది మా ప్రయోగశాలకు ఇంకా బిగువుగా వర్తిస్తుంది. 2024 జూలై బడ్జెట్‌లో ప్రయోగశాల రసాయనాల మీద దిగుమతి సుంకాన్ని 10 శాతం నుంచి 150 శాతానికి పెంచారు. గోల పెరగడంతో ఆగస్టు 1 నుంచి మళ్లీ 10 శాతానికి తెచ్చారు. మధ్యలో గడిచిన ఆ కొద్ది రోజుల్లోనే మా సరఫరాదారు పాత కొటేషన్ చెల్లదని ఫోన్‌లో చెప్పేశాడు. సుంకం వెనక్కి వెళ్లాక కొత్త కొటేషన్ పంపాడు, అది మొదటిదాని కంటే ఎక్కువ. కారణం అడిగితే రవాణా అన్నాడు. ఏడాదికి 25,000లో ఒక్క సీసా ధర అటూఇటూ అయితే ఆరు నెలల ప్రణాళిక మారిపోతుంది. ఆ నెల పదార్థాలను వేరుచేయడానికి వాడే సిలికా జెల్‌ను నేను కడిగి, ఆరబెట్టి, మళ్లీ వాడాను. ఈ సంగతి మా గైడ్‌కు చెప్పకండి.

నాందేడ్ గట్టు

బాటసారి గారు హెచ్‌ఆర్‌ఏ పక్కన పెట్టానన్నారు, దాన్ని వెనక్కి తీసుకురావాలి. నగరాన్ని జనాభాను బట్టి మూడు తరగతులు చేశారు: 50 లక్షలు దాటితే ఎక్స్, 5 లక్షలు దాటితే వై, ఆ లోపు ఉంటే జెడ్. 2023లో వీటికి 27, 18, 9 శాతం. మా నాందేడ్ వై కనుక హాస్టల్ దొరకని జేఆర్‌ఎఫ్‌కు 6,660 వచ్చేది. బరంపురం జెడ్ కనుక 3,330. ఈ విభజనకు ఆధారం 2011 జనాభా లెక్కలు. ఆ తరువాత ఊళ్లు ఎంత పెరిగినా, అద్దెలు ఎంత ఎక్కినా తరగతి మారలేదు. పైగా ఇది కదలని 37,000 మీద శాతం కనుక, పునాది స్తంభిస్తే మేడ కూడా స్తంభిస్తుంది.

బరంపురం బాటసారి

నా అద్దె 5,200, నాకు వచ్చేది 3,780. మిగతాది జేబులోంచే పోతుంది. మా ఇంటి యజమాని ఏటా ఉగాదికి పెంచుతాడు, ఆయనకు జనాభా లెక్కలతో పని లేదు.

సవర పలుకు

గుణుపురం చుట్టుపక్కల పల్లెల్లో గది తీసుకునే వారికి మరొక విచిత్రం. పంతులు గారు చెప్పిన 2012 ప్రాతిపదిక గ్రామీణ సూచీలో ఇంటి అద్దెకు వాటాయే ఉండేది కాదు. పల్లెల్లో అందరికీ సొంత ఇల్లు ఉంటుందన్న ఊహ కాబోలు.

కాఫీతోట

మీ చర్చ మొత్తం చదివి, రాయాలా వద్దా అని ఒక రోజు ఆలోచించాను. మా ఊరు జయపురం, చదివేది వేరే రాష్ట్రంలోని ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో. నాకు జేఆర్‌ఎఫ్ లేదు, నెట్ ద్వారా ఫెలోషిప్ రానివారికి ఇచ్చే నాన్-నెట్ ఫెలోషిప్ వస్తుంది. నెలకు 8,000. హెచ్‌ఆర్‌ఏ లేదు. 2015 అక్టోబరులో దీన్ని ఎత్తేస్తామని యూజీసీ అన్నప్పుడు విద్యార్థులు ఢిల్లీలో ఆ కార్యాలయం ముందు రోజుల తరబడి కూర్చున్నారు; ఎత్తేయడం ఆగింది. అప్పుడూ 8,000, ఇప్పుడూ 8,000. ఎత్తేయవద్దని పోరాడి గెలిచాము, ధరలు దాన్ని చప్పుడు లేకుండా ఎత్తేస్తున్నాయి. పంతులు గారూ, లెక్క చెప్పనక్కర్లేదు, నేనే వేసుకున్నాను. ఆనాటి ధరల్లో ఇది 2025 జనవరిలో 5,200.

సాయంత్రం ఇద్దరు పిల్లలకు ట్యూషన్ చెబుతాను. పరీక్షల కాలంలో నలుగురు అవుతారు. ఆ నెలల్లో నా థీసిస్‌లో ఒక్క పేజీ కూడా కదలదు.

ధర్మాబాద్ మిరప

కాఫీతోట గారూ, మీరు రాసింది చదివి నేను మొదట అన్న మాటలోని ఘాటు తగ్గించుకుంటున్నాను. అయినా ఒక అనుమానం మిగిలే ఉంది. ఫెలోషిప్‌ను డీఏ లాగా సూచీకి కట్టేస్తే, కేటాయించిన డబ్బు అంతే ఉంటే, ఇచ్చే ఫెలోషిప్‌ల సంఖ్య తగ్గించరా? లోపల ఉన్నవాళ్లకు రక్షణ దొరుకుతుంది, నాలాగా కొద్ది మార్కుల్లో ఆగిపోయేవాళ్లు ఇంకా ఎక్కువ అవుతారు.

బల్లార్షా బొగ్గు

ఆ భయం నిజమైనదే. కానీ ఇప్పుడు జరుగుతున్నదీ ఒక కోతే. సంఖ్య తగ్గిస్తే పత్రికలో వార్త వస్తుంది, విలువ తగ్గితే ఎవరికీ కనబడదు. అందరికంటే ఎక్కువ ఇచ్చే ప్రధానమంత్రి పరిశోధన ఫెలోషిప్, అంటే పీఎంఆర్‌ఎఫ్‌నే చూడండి. 2018లో మొదటి రెండేళ్లకు నెలకు 70,000 అన్నారు, 2025 జనవరి నాటికీ అంతే. 2018 ధరల్లో అది అప్పటికి 50,000 దరిదాపు. 20,000 కోత పడిందని ఎక్కడైనా చదివారా?

రాయగడ రసాయనం

70,000 వచ్చేవారి కోసం కూడా కన్నీళ్లు పెట్టమంటే నావల్ల కాదు, సిలికా జెల్ తడుస్తుంది.

బరంపురం బాటసారి

ఇంకొక లెక్క ఉంది, అది సూచీలో దొరకదు. పోయిన ఏడాది నా ఫెలోషిప్ ఐదు నెలలు ఆలస్యమైంది. మా కార్యాలయంలో ఒకరు నెలనెలా వివరాలు నమోదు చేయాలి, మరొకరు ధ్రువీకరించాలి. ధ్రువీకరించే వ్యక్తి బదిలీ మీద వెళ్లారు, కొత్తవారికి పాస్‌వర్డు రాలేదు. ఐదు నెలల డబ్బు చివరకు ఒకేసారి వచ్చింది, ఒక్క రూపాయి తగ్గలేదు, అంతా బాగానే ఉందని అందరూ అన్నారు. కానీ ఆ ఐదు నెలలూ ఇంటికి పంపడం కోసం నేను తెలిసిన వ్యాపారి దగ్గర 20,000 రెండు రూపాయల వడ్డీకి తీసుకున్నాను. వడ్డీ 2,000 అయింది. ధరలు ఏడాదికి ఐదు శాతం పెరిగాయని ఇక్కడ బాధపడుతున్నాం, నా ఆలస్యం ఖరీదు ఏడాదికి 24 శాతం.

సిరోంచ గోదారి

ఇది అన్నిటికంటే ముందు రాయవలసిన మాట. నాకు ఏడు నెలలు ఆగిన సందర్భం ఉంది. సిరోంచ నుంచి గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు; ఒక సంతకం కోసం తెల్లవారుజామున బస్సెక్కి వెళితే, ఆ రోజు సారు సెలవులో ఉన్నారని చెప్పేవారు.

లెక్కల పంతులు

అందరూ సమ్మతిస్తే ఒక వినతిపత్రానికి పట్టిక నేను తయారుచేస్తాను. డీఏ వంటి సూత్రం అడగాలని బొగ్గు గారి వాదన, కంటింజెన్సీ ముందు సవరించాలని సవర పలుకు వాదన, ఆలస్యమైతే వడ్డీ కట్టాలన్నది బాటసారి చెప్పిన అనుభవం నుంచి వచ్చేది. నన్ను అడిగితే నాన్-నెట్ 8,000 మొదటి వరుసలో ఉండాలి.

సవర పలుకు

మొదటి వరుస కాఫీతోట గారిదే, నేను రెండో వరుసకు జరుగుతాను. కానీ కంటింజెన్సీ మూడో వరుసకు పోతే ఊరుకోను.

బల్లార్షా బొగ్గు

పట్టికలో కార్మికుల సూచీనే వాడండి మాస్టారూ. ఉద్యోగుల డీఏ దానితోనే కడతారు కనుక కాదనడం వారికి కష్టం.

ధర్మాబాద్ మిరప

పంతులు గారూ, మీరు పట్టిక కడుతున్నప్పుడు నాదొక చిన్న లెక్క. మా కళాశాలలో పాఠానికి గంటకు 150 ఇస్తారు. 2018లో చేరినప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. దాన్ని కూడా అదే పద్ధతిలో భాగించి చెప్పగలరా?

లెక్కల పంతులు

2018 సగటు సూచీ 138, 139 మధ్య. 2025 జనవరిది 193 పైచిలుకు. మీ 150 ఆనాటి ధరల్లో 107 రూపాయల చిల్లర, నాయనా.

ధర్మాబాద్ మిరప

రాయగడ రసాయనం గారు పద్దు పుస్తకం ఎందుకు మానేశారో ఇప్పుడు అర్థమైంది.